తాడుకు అటు చివర

కొత్తగా నీళ్లలో దిగే వాళ్లు నా డైవింగ్ సామాన్ల కొట్లోకి రాగానే మొట్టమొదట చెయ్యి వేసేది ఈతకు కాళ్లకు తొడుక్కునే రంగురంగుల ఫిన్ల మీదే. అదేం జబ్బో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇక్కడి నీళ్లు ఎముకలు కొరికేస్తాయి. అడుగున నిలువెత్తు నాచు అల్లుకుపోయి ఉంటుంది. అక్కడ నీ కాళ్లు పసుపుగా ఉన్నాయా ఎరుపుగా ఉన్నాయా అని చూడొచ్చేదెవరు? ముందు ఒంటికి పట్టే సూటు కొనుక్కోండ్రా నాయనా, ముఖానికి అతికే మాస్క్ కొనుక్కోండ్రా అని మొత్తుకుంటాను. వినరు. పెదాలు నీలంగా చేసుకుని తిరిగొచ్చాక వింటారు.

నెరిడా బ్రాఫీ ఫిన్ల వైపు చూడనే లేదు. ఏప్రిల్లో, భూమికి ఈ దక్షిణపు కొసన మాకు చలి ముదిరే రోజుల్లో, ఒక పొద్దున తలుపు తోసుకుని వచ్చింది. నేరుగా సూట్లు వేలాడే గోడ దగ్గరికి వెళ్లి నిలబడింది. ఒక నల్ల సూటు చేతిని పట్టుకుని ఒక్కసారి కిందికి లాగింది. లాగి వదల్లేదు. తల కాస్త వంచి, అవతలి నుంచి ఏదో రావలసి ఉన్నట్టు అలాగే నిలబడిపోయింది.

"ఏమే, బేరం దాంతోనే ఆడతావా, నాతో ఏమన్నా మాట్లాడతావా?" అన్నాను.

ఉలిక్కిపడి వదిలేసింది. "అలవాటు జొసీ" అంది.

ఆ అలవాటు సంగతి ఊరంతటికీ తెలుసు. మా డోవర్ ఊళ్లో నెరిడాను ఎరగని వాళ్లు లేరు, ఆగి పలకరించే వాళ్లూ పెద్దగా లేరు. సాల్మన్ చేపలు పెట్టెల్లో సర్దే షెడ్డులో ఆమెకు పని. మధ్యాహ్నం అందరూ ఒక బల్ల చుట్టూ చేరితే తను జెట్టీ చివరికి వెళ్లి కూర్చుని రొట్టె తింటుంది. తింటున్నంత సేపూ ఎడమ చెయ్యి ఊరుకోదు. పక్కన కట్టిన పడవ తాడు ఏదుంటే అది పట్టుకుని ఒక్క లాగు లాగుతుంది. ఆగుతుంది. మళ్లీ రొట్టె కొరుకుతుంది. చూసిన పిల్లలు నవ్వేవాళ్లు. పెద్దవాళ్లు నవ్వేవాళ్లు కాదు, అటు వెళ్లడం మానేసేవాళ్లు.

ఆమె మొగుడు క్లెమ్ రాళ్లకు అతుక్కునే అబలోనీ గుల్లలు ఏరే మనిషి. మా తీరంలో గుల్లలకు దిగేవాడు ఒక్కడే దిగుతాడు. పడవలో ఒక్కరే ఉంటారు. గాలి మిషను చూసుకోవడం, కిందివాడికి గాలి అందించే గొట్టం, దాంతోపాటు అతని నడుముకు కట్టిన తాడు వదలడం, చుట్టడం ఆ ఒక్కరి పని. ఆ ఒక్కరిని పైమనిషి అంటాం. క్లెమ్‌కు పెళ్లయిన నాటి నుంచీ పైమనిషి నెరిడానే. పైనుంచి తాడు ఒక్కసారి లాగితే "బాగున్నావా" అని. కింది నుంచి ఒక్క లాగు వస్తే "బాగున్నా" అని. నాలుగు లాగితే "వచ్చెయ్" అని, తిరిగి నాలుగు వస్తే "వస్తున్నా" అని. అంతకు మించి ఆ తాడుకు భాష లేదు. వాళ్లిద్దరూ ఇంట్లో కన్నా తాడు మీదే ఎక్కువ మాట్లాడుకుంటారని ఊళ్లో వేళాకోళం చేసేవాళ్లు, అందులో నిజం లేకపోలేదు.

దక్షిణం వైపు రెండు రాతి గోడల మధ్యకి సముద్రం దూరే ఇరుకు చోటు ఒకటుంది. హార్న్ సందు అంటాం. క్లెమ్ ఒకరోజు అక్కడ దిగాడు. నెరిడా అడుగుతూనే ఉంది, జవాబు వస్తూనే ఉంది. బాగున్నా. బాగున్నా. ఎంతసేపటికీ మనిషి పైకి రాకపోయేసరికి పక్క పడవవాణ్ని పిలిస్తే అతను దిగి చూశాడు. క్లెమ్ రాతి పగుల్లో ఇరుక్కుని ఉన్నాడు. గాలి గొట్టం మడతపడి ఉంది. దిగిన కాసేపటికే ప్రాణం పోయిందని డాక్టరు తేల్చాడు.

మరి ఆ జవాబులన్నీ ఇచ్చిందెవరు?

అల తాడును కదిపి ఉంటుందని విచారణలో రాసుకున్నారు. ఊరు అంత మర్యాదగా అనలేదు. మొగుణ్ని కింద వదిలి పడవలో నిద్రపోయింది, లేచాక కథ అల్లింది అంది. కుండకైతే మూకుడు పెట్టొచ్చు, ఊరి నోటికి ఏం పెడతాం. ఆ తర్వాత ఏ పడవవాడూ ఆమెను పైమనిషిగా రమ్మనలేదు. పెళ్లయినప్పటి నుంచీ చేసిన ఒక్క పని చేతిలోంచి పోయింది, పేరు పోయింది, మొగుడు ఎటూ పోయాడు. ఏళ్లు గడిచినా ఆమె తాళ్లు లాగడం మాత్రం మానలేదు.

అలాంటి మనిషి నా కొట్లో సూట్ల ముందు నిలబడి, "నాకు సామానంతా కావాలి. మొదటి నుంచి చివరిదాకా" అంది.

"ఎవరికి?"

"నాకే. మొన్న వేసవిలో హోబార్ట్ పట్నం వెళ్లి డైవింగ్ కోర్సు చేసొచ్చాను. కార్డు కూడా ఇచ్చారు. చూస్తావా?"

"ఈ వయసులో ఇదేం బుద్ధే నీకు?"

"నీళ్లు వయసు అడుగుతాయా?"

"నీళ్లు అడగవు. నేను అడుగుతా. అద్దెకు ఇస్తాను, నాలుగుసార్లు దిగి చూడు, మోజు తీరాక వెనక్కి తెచ్చి పడెయ్."

"అద్దె సామాను వద్దు. ఎవరెవరో వేసుకున్నది వద్దు. నావి నాకు కావాలి" అంది. గొంతు పెంచలేదు గానీ, ఇక వాదించి లాభం లేదని నాకు తెలిసిపోయింది.

మూల బెంచీ మీద టెర్రీ కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు చేపల పెంపకం వలల కింద పనిచేసిన డైవర్. మోకాళ్లు పోయాక నా కొట్లో కూర్చుని నా టీ తాగడమే ఉద్యోగం. "అమ్మవే జొసీ, వచ్చిన లక్ష్మిని కాలదన్నుకుంటావేం" అన్నాడు. నేను వాడి వంక ఒక చూపు చూసి, మాస్కుల పెట్టె దించాను.

మాస్క్ చూసుకునే పద్ధతి ఎవరికైనా ఒకటే. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చాలి. చెయ్యి తీసేసినా పడకుండా నిలిస్తే అది నీది. నెరిడాకు రెండు జారిపోయాయి, మూడోది అతుక్కుంది. అతుక్కున్నాక ఆమె ఊపిరి వదల్లేదు. అద్దం వెనక కళ్లు తెరుచుకుని నన్నే చూస్తూ ఉండిపోయింది. నేను చూసి చూసి, "చచ్చిపోతావే, వదులు" అన్నాను. అప్పుడు వదిలింది. "ఎంతసేపు ఉండగలడో అని చూస్తున్నా" అంది. ఎవరు అని నేను అడగలేదు.

సూటు దగ్గర అసలు పని. ఏడు మిల్లీమీటర్ల మందం రబ్బరు. వదులైతే నడుము దగ్గర చన్నీళ్లు దూరి పదినిమిషాల్లో వణుకు పుట్టిస్తాయి. బిగువైతే ఊపిరాడదు. కాళ్లకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని అందులో దూర్చమన్నాను, అలా అయితే జారుతుంది. ఇద్దరం కలిసి కుస్తీ పట్టాం. నేను వెనక నుంచి లాగుతుంటే ఆమె ముందుకు తూలి అద్దం బీరువాకు గుద్దుకుంది. ఆ రోజు నెరిడా నవ్వడం మొదటిసారి చూశాను. ఆమెకు ముందు పళ్ల మధ్య సందు ఉందని, నవ్వితే అది బాగుంటుందని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు.

"మాంసం కొట్టువాడు సాసేజి కూరినట్టుంది" అని టెర్రీ అన్నాడు.

"నీ మోకాళ్లు బాగుంటే నిన్నూ కూరేదాన్ని, నోర్మూసుకో" అన్నాను.

తర్వాత హుడ్ ఇచ్చాను. తల, చెవులు, గడ్డం అన్నీ మూసేసే రబ్బరు టోపీ. చల్లటి నీళ్లలో అది లేకపోతే నుదురు పగిలిపోతుంది. తొడుక్కుంది. తొడుక్కున్న మనిషి నవ్వు అలా ఆగిపోయింది. చెయ్యి ఎత్తి మమ్మల్ని మాట్లాడొద్దని సైగ చేసింది.

"ఏం వినిపిస్తోందే?" అని పెద్దగా అడిగాను.

"గాలి మిషను. దూరంగా" అంది.

సిలిండర్లలో గాలి నింపే మిషను నా కొట్టు వెనక ఉన్న మాట నిజమే. దానికి బెల్టు తెగి వారం నుంచి అది కదల్లేదు. హుడ్ బిగిస్తే సొంత రక్తం పరుగే చెవుల్లో హోరుమంటుందని చెప్పి, దాన్ని ఆమె తల మీంచి నేనే లాగేశాను. టెర్రీ మాత్రం ఏమీ వినకుండా టీ జుర్రుతున్నాడు.

సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ ఎంచడానికి చాలాసేపు పట్టింది. మా నీళ్లకు మామూలుది పనికిరాదు. చలికి లోపల మంచు కట్టి, గాలి ఆగకుండా బుసకొడుతూ సిలిండర్ మొత్తం ఖాళీ చేసేస్తుంది. లోపలి భాగాలకు నీళ్లు తగలకుండా మూసిన రకం ఇచ్చాను. నోట్లో పెట్టుకుని నాలుగు ఊపిరులు తీసింది. ఆ శబ్దం మీకు తెలిసే ఉంటుంది, లోపలికి బుస్సున, బయటికి హుస్సున. నాలుగోదాని తర్వాత నోట్లోంచి తీసి అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది. ఇందులో ఎవరి ఊపిరి వాళ్లకు వినిపిస్తుంది కదా, అని నన్ను అడిగింది. వినిపిస్తుందన్నాను. మంచిదే అంది. గాలి సిలిండర్, నీళ్లలో మునగడానికి బరువుగా కట్టుకునే సీసం బెల్టు, చేతి తొడుగులు, బూట్లు, చిట్టచివర నల్లటి ఫిన్లు. అన్నీ బల్ల మీద పేర్చాను. ఇక అయిపోయిందనుకున్నాను.

"తాడు" అంది.

"తాడెందుకే? స్కూబాకు తాడు అక్కర్లేదు. గాలి నీ వీపు మీదే ఉంటుంది."

"పెద్ద తాడు కావాలి. నడుముకు కట్టుకునేది."

టెర్రీ కప్పు కింద పెట్టాడు. "ఆవిడకు తాడు కాదు జొసీ, తలగడ అమ్ము. పైన కూర్చున్నవాళ్లకు ఆనుకుని పడుకోవడానికి" అన్నాడు.

నెరిడా వాడి వైపు తిరగలేదు కూడా. అలాంటివి విని విని ఆమె చెవులు మొద్దుబారిపోయి ఉంటాయి. నాకు మాత్రం ఒళ్లు మండింది. వాడి కప్పు తీసుకుని సింకులో పారబోశాను. "లే. బయటికి పో. నీకు మోకాళ్లతో పాటు మంచీ మర్యాదా కూడా పోయాయి" అన్నాను. గొణుక్కుంటూ పోయాడు. వాడు పోయాక తలుపుకు గొళ్లెం పెట్టి, ఆమెను వాడి బెంచీ మీదే కూర్చోబెట్టాను.

"ఇప్పుడు చెప్పు. ఎక్కడ దిగుతున్నావు?"

"హార్న్ సందులో."

నేను అనుకున్నదే. బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాను.

"ఎందుకే?"

"నేను నిద్రపోలేదు జొసీ" అంది. "అడిగాను, జవాబు వచ్చింది. అల లాగుడు నాకు తెలియదా? అల మెల్లగా పట్టుకుంటుంది, మెల్లగా వదులుతుంది. ఆ రోజు వచ్చింది మనిషి లాగుడు. పసివాడు పక్కన నిలబడి బట్ట పట్టుకుని లాగినట్టు వచ్చింది. కానీ డాక్టరు అబద్ధం చెప్పడు కదా. మా ఆయన అప్పటికే పోయాడు. అయితే ఎవరది? లేక ఊరందరూ అన్నట్టు నేను నిజంగానే కునికి, కల కన్నానా? ఇన్నేళ్లయింది, నాకే తెలియట్లేదు. ఇది తేలకుండా నేను చచ్చిపోతే ఎట్లా?"

"అంత అనుమానమైతే పడవలోంచి తాడు వేసి చూడొచ్చుగా. దిగడమెందుకు?"

"వేశాను. ఎన్నిసార్లు వేశానో. షెడ్డులో సెలవు దొరికిన ప్రతిసారీ వెళ్లి వేశాను. తాడు కొనకు రాయి కట్టి, బరువు కట్టి. ఏమీ రాలేదు." గొంతు తగ్గించింది. "మనిషి నడుముకు కట్టుకుని దిగిన తాడుకే వస్తుంది."

చలి అనుకుని నేను హీటరు పెంచాను. చలి కాదు.

"మరి ఇంకెవరినైనా దింపు. డబ్బిస్తే దిగేవాళ్లు బోలెడు మంది" అన్నాను.

"ఎవరి బిడ్డను దింపమంటావు అందులోకి?" అంది.

పైమనిషిగా నన్నే రమ్మంది. ఎందుకంటే నేను ముక్కుసూటి మనిషిననీ, మొహమాటానికి కూడా అబద్ధం చెప్పననీ, ఊళ్లో ఎవరూ నా మాట కాదనలేరనీ. పొగడ్తో తిట్టో తేల్చుకోలేక ఒప్పుకున్నాను.

ముందు జెట్టీ దగ్గర నాతో పాటు దిగి చలికి అలవాటు పడితేనే వస్తానన్నాను. మే నెలంతా దిగాం. కొత్తవాళ్లు చేతులు కాళ్లు కొట్టుకుంటారు, గాలి తగలేస్తారు. నెరిడా అలా కాదు. సీసం సరిగ్గా సర్దాక రాయిలా కదలకుండా నిలిచేది. నాకు నచ్చనిది ఒకటే. ఎడమ చెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగించే ఉండేది, లేని తాడును పట్టుకున్నట్టు. నాచు కాడల మధ్య ఆగి, ఆ పిడికిలిని ఒక్కసారి పైకి ఎగలాగేది. తలెత్తి పైకి చూసేది. పైన మేం కట్టేసి దిగిన ఖాళీ పడవ తప్ప ఎవరూ లేరు. ఒకసారి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాను. మాస్క్ లోంచి నన్ను చూసి క్షమించమన్నట్టు తల ఊపింది, మళ్లీ కాసేపటికి అదే పని.

జూన్‌లో ఒకరోజు సముద్రం పళ్లెంలో పోసినట్టు నిలిచిపోయింది. దక్షిణపు అల అన్న మాటే లేదు. ఆమె పొద్దున్నే నా తలుపు కొట్టింది. అల లేని రోజే కావాలంది, అప్పుడు ఎవరూ అల మీదికి తోసెయ్యలేరట. నాకు ఆ నిశ్చలం ఏమీ నచ్చలేదు. అయినా థర్మాస్‌లో సూపు పోసుకుని పడవలో ఆమె వెంట బయల్దేరాను.

హార్న్ సందులోకి ఎండ రాదు. రెండు వైపులా నల్లరాళ్లు, మధ్యలో నీళ్ల మీద నాచు ఆకులు పరుచుకుని చాపలా ఉంటుంది. దాని కింద బుడగలు ఎటు తేలుతున్నాయో పైవాళ్లకు కనిపించదు. ఇంజను ఆపగానే పక్షి అరుపు కూడా లేదు. నెరిడా తన కొత్త సామానంతా ఒక్కొక్కటిగా తొడుక్కుంది. ఏదీ మరచిపోలేదు. చివరగా తాడు నడుముకు కట్టుకుని, రెండో కొస నా చేతిలో పెట్టింది.

"విను. నేను అడుగుకు పోయి ఊరికే కూర్చుంటాను. తాడు ముట్టుకోను, ఏ జవాబూ ఇవ్వను. నువ్వు మామూలుగా అడుగుతూ ఉండు. సగం గాలి అయ్యేలోపు వచ్చేస్తాను."

"నీకేమన్నా అయితే నాకెట్లా తెలుస్తుందే?"

"తెలియదు. నాకూ ఆ రోజు తెలియలేదు" అంది. మాస్క్ దించుకుని, నాచు పక్కకు తోసి, శబ్దం లేకుండా మునిగిపోయింది.

తాడు నా అరచేతిలోంచి జారుతూ పోయి ఆగింది. అడుగు చేరిందనుకున్నాను. కాసేపు చూసి, ఒక్కసారి లాగాను. బాగున్నావా?

ఒక్క లాగు వచ్చింది. గట్టిగా, పొట్టిగా. బాగున్నా.

ముందు నాకు కోపం వచ్చింది. ముట్టుకోనన్న మనిషి ముట్టుకుంది కదా, ఇన్నాళ్ల తిప్పలు బూడిదలో పోసిన పన్నీరు కదా అని. ఆ వెంటనే ఊరట కలిగింది. పోనీలే, ప్రాణంతో ఉంది. మళ్లీ అడిగాను. మళ్లీ వచ్చింది. అడిగిన ప్రతిసారీ వచ్చింది, క్షణం ఆలస్యం లేకుండా. కూర్చున్నచోట స్థిమితపడి, సూపు మూత తిప్పాను. ఒక చేత్తో సూపు, ఒక చేత్తో తాడు. బాగున్నా, బాగున్నా అని ఆ తాడు చెబుతుంటే ఇక నాకేం దిగులు?

"జొసీ."

వెనక నుంచి, పడవ అవతలి పక్క నుంచి వచ్చింది ఆ పిలుపు. సూపు నా ఒళ్లో ఒలికింది. తిరిగి చూస్తే నెరిడా నీళ్లలో మెడ వరకు తేలుతూ, పడవ అంచు పట్టుకుని ఉంది. మాస్క్ మెడలోకి దించుకుంది. ముఖం తెల్లగా పాలిపోయింది.

"ఎంతసేపైందే నువ్వు వచ్చి?"

"చాలాసేపైంది. అడుగున తాడు విప్పేశాను. ఇసుకలో వదిలేసి అటువైపు నుంచి వచ్చాను." పళ్లు టకటకమంటున్నాయి. "నా చేతి మీద నాకే నమ్మకం లేదు. అలవాటున నేనే లాగేస్తానేమో అని విప్పేశాను. నీకు ముందే చెబితే నువ్వు తాడు లాగే తీరు మారిపోయేది."

నేను నా చేతిలోని తాడు వైపు చూశాను. అది నాచు చాపలోంచి నిటారుగా కిందికి దిగి ఉంది.

"ఇంకోసారి అడుగు" అంది.

"నా వల్ల కాదు."

"అడుగు జొసీ. నాకోసం."

అడిగాను. ఆమె నా కళ్లముందు, రెండు చేతులూ పడవ అంచు మీద పెట్టుకుని ఉంది. కింది నుంచి ఒక్క లాగు వచ్చింది. అది అల కాదు. నా చేతికి తెలుసు. ఎవరు ఎన్ని రాసుకున్నా, ఏ కోర్టులో నిలబెట్టినా నేను ఇదే చెబుతాను.

తాడు విసిరేసి ఇంజను వేద్దామనుకున్నాను, వేళ్లు విప్పుకోలేదు. ఈలోపు నెరిడా సీసం బెల్టు విప్పి నాకు అందించింది, సిలిండర్ అందించింది, తనూ ఎక్కి నా పక్కన కూలబడింది. ఏడుస్తోంది. శబ్దం లేదు, నీళ్లు మాత్రం కారిపోతున్నాయి.

"నేను నిద్రపోలేదు" అంది.

"లేదే తల్లీ. నువ్వు నిద్రపోలేదు" అన్నాను. నాకూ ఏడుపొచ్చింది. ఇన్నేళ్లు ఆ మనిషిని ఆ ఊరు ఏం చేసిందో తలుచుకుంటే ఇంకా వస్తుంది. "ఊళ్లో నేను చెబుతాను. టెర్రీగాడి చెవి మెలేసి చెబుతాను. ఇక పోదాం పద, ఇక్కడొద్దు."

ఆమె కదల్లేదు. కుడిచేతి తొడుగు పళ్లతో లాగి తీసేసి, నా చేతిలోంచి తాడు అందుకుంది. నాకు ఆపాలనిపించింది. ఆపలేకపోయాను.

"పక్కటెముక విరిగిన రోజు కూడా బాగున్నాననే అన్నాడు" అంది, నాతో కాదు, తనలో తను. "జ్వరంతో మంచం మీద వణుకుతూ బాగున్నాననే అన్నాడు. నన్ను కంగారు పెట్టడం ఆయనకు ఇష్టం లేదు. ఆ మనిషిని అడిగితే ఎప్పటికీ అదే జవాబు. అడగకూడదు జొసీ. రమ్మనాలి. నేను ఆ రోజంతా అడుగుతూనే కూర్చున్నాను. ఒక్కసారీ రమ్మనలేదు."

తాడు చుట్టూ వేళ్లు బిగించి, నాలుగు లాగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

నీళ్లు కదల్లేదు. నాచు కదల్లేదు. నా ఊపిరి నాకే వినిపిస్తోంది.

ఒక లాగు వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది. తాడు వణకడం నేను చూస్తూనే ఉన్నాను. అక్కడితో ఆగిపోయింది. ఎంతసేపటికీ నాలుగోది రాలేదు. ఇక రాదులే అని నేను నోరు తెరవబోతే, నెరిడా చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండు. గుల్లల సంచి తగిలించుకుంటున్నాడు" అంది.

నాలుగోది వచ్చింది.

ఆమె తాడు లాగడం మొదలుపెట్టింది. ఖాళీ తాడును లాగినట్టు లాగలేదు. మనిషి ఉన్న తాడును లాగినట్టు లాగింది, మెల్లగా, మధ్యలో ఒకచోట అతను అలుపు తీర్చుకోవడానికి ఆగుతూ, మళ్లీ లాగుతూ. తడి తాడు చుట్టలు చుట్టలుగా మా కాళ్ల దగ్గర పడింది. చివరి కొస పైకొచ్చింది. దానికి ఏమీ లేదు. తను ముడి విప్పిన చోట మడతలు, కాస్త ఇసుక, అంతే. ఆమె ఆ కొసను పడవ అంచు దాటించి లోపలికి తెచ్చి, రెండు చేతులతో ఎవరినో ఎక్కించుకున్నట్టు వెనక్కి ఒరిగింది. పడవ అటు పక్కకు కొంచెం వంగి, మళ్లీ సర్దుకుంది.

తర్వాత నెరిడా తన పక్క సీటు మీదున్న సిలిండర్ తీసి కింద పెట్టింది. తను కప్పుకోవలసిన కంబళి మడత విప్పి ఆ సీటు మీద పరిచింది.

"ఇంజను వెయ్యి జొసీ" అంది. "తడిసి ఉన్నాడు. చలి పట్టుకుంటుంది."

నేను ఇంజను వేశాను. జెట్టీ చేరేదాకా ఆ సీటు వైపు చూడలేదు.